బయలుదేరాడుగా, వచ్చినట్టే

ముప్పై నాలుగేళ్లపాటు ఆ బస్టాండులో ఒకటే గొంతు పలికింది. ఊళ్లో సగంమందికి ఆ గొంతు తెలుసు, మనిషి తెలియదు. ఆయన దుకాణంలో నిలబడి "అరకిలో ఉల్లిపాయలు" అన్నా సరే, పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడి సంచులు అందుకునేవారు. ఆయనకూ తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు. అందరికీ ఆయన మైకుగారు, చాటున మైకు. ఆ మాటకొస్తే కోపం వచ్చినప్పుడు ఆయన భార్య కూడా "ఏం మైకుగారూ" అనే మొదలుపెట్టేది.

ఆయన కూర్చునే గది క్యాంటీను పైన ఉండేది. ఇనప మెట్లెక్కి వెళ్లాలి. మూడు వైపులా అద్దాలు, ఒక టేబులు ఫ్యాను, డిపోలతో మాట్లాడే ఫోను, రాకపోకలు రాసే లావుపాటి పుస్తకం, మైకు. కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద పాత టైముటేబులు మడిచి పెట్టాడు. కొత్త టైముటేబులు వచ్చినప్పుడల్లా కుర్చీ కిందది కూడా మార్చేవాడు, అదెక్కడ ప్రయాణికుల కంటపడి తప్పు బస్సు ఎక్కిస్తుందోనన్నట్టు.

పనిలో ఆయనకొక పద్ధతి ఉంది. "రద్దు" అన్న మాట ఆయన నోటివెంట రాదు. ఫలానా బస్సు దారిలో చెడిపోయిందని డిపో నుంచి ఫోను వస్తుంది. మైకుగారు గొంతు సవరించుకుని, మీట నొక్కి, "మరికొద్ది సేపట్లో రావలసి ఉన్నది" అంటాడు. అరగంట పోయాక ఇంకోసారి అంటాడు. ఎవరైనా పైకొచ్చి నిలదీస్తే, "బయలుదేరిందిగా, వచ్చినట్టే," అంటాడు. కింద డ్యూటీలు వేసే ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి రొప్పుతూ వచ్చి, "అయ్యా, ఆ బస్సు షెడ్డులో నాలుగు చక్రాలూ ఊడదీసుకుని కూర్చుంది. ఏ కాళ్లతో వస్తుందండీ అది?" అని అడిగేవాడు.

"ఒక్కసారిగా రద్దంటే జనం మన మీద పడతారయ్యా," అనేవాడు ఈయన నింపాదిగా. "ఓ గంట ఆగు. ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు. మిగిలిన నలుగురికీ అప్పుడు చెబుదాం. గోల ఉండదు."

నిజంగానే గోల ఉండేది కాదు. పక్క ఊరి బస్టాండులో రెండుసార్లు అద్దాలు పగిలాయి. ఈయన గది అద్దానికి ముప్పై నాలుగేళ్లలో గీత పడలేదు. అది తన తెలివేనని ఆయన నమ్మకం. ఆ గంటసేపూ బెంచీల మీద కూర్చున్నవాళ్ల గంట పోయిందే, వాళ్లు చేరాల్సిన చోట ఏం జరిగిపోయిందో కదా, అన్న ఆలోచన మాత్రం ఆ మహానుభావుడికి ఒక్కనాడూ రాలేదు. చెడ్డవాడు కాదు. ఎవరి మొహమూ చిన్నబోవడం చూడలేడు, అంతే. లోకంలో ఇలాంటి మంచివాళ్ల వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు.

ఈ పద్ధతినే ఆయన ఇంటికీ తెచ్చుకున్నాడు. దానికి కారణం ఉంది. ఆయనకు ఒక అన్న ఉండేవాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం, ఏదో చిన్న విషయం మీద, ఆ అన్న మొహం మీదే అనేశాడు: "నువ్వు ఎందుకూ పనికిరావు. నాన్న కూడా పోయేముందు నాతో అదే అన్నాడు." అంతే. అన్నవాడు మర్చిపోయాడేమో, పడ్డవాడు మర్చిపోలేదు. పందొమ్మిదేళ్లు మాటల్లేవు. అన్న పోయిన రోజున ఈయన వెళ్లి, ఎవరో ఇరుగుపొరుగువాడిలా గుమ్మం బయట కాసేపు నిలబడి వచ్చేశాడు. కుటుంబాలు చెడేది ఉన్న మాట ఉన్నట్టు మొహం మీద అనడం వల్లేనని ఆ రోజు తీర్మానించుకున్నాడు.

ఆయనకు ఇద్దరు పిల్లలు, కొడుకు, వాడి తర్వాత నాలుగేళ్లకి కూతురు. ఇల్లు అద్దెది. రెండు గదులు, ఒక వంటగది, బట్టలారేసుకోవడానికి సన్నటి వసారా. "ఏం కూడబెట్టావయ్యా?" అని ఎవరైనా అడిగితే ఇద్దరు పిల్లలనూ చూపించేవాడు. "వీడికి దాన్నీ, దానికి వీణ్ణీ రాసి పోతాను. అంతకంటే ఏం కావాలి?" అనేవాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అనేవాడు. మనిషి పోయాక మిగిలేది మనుషులేనని ఆయనకు గట్టి నమ్మకం.

పిల్లలు కొట్టుకుంటే ఈయన మధ్యలో దూరేవాడు. కొడుకు ఒక గదిలో గోడని తన్నుతూ ఉంటే, రెండో గదిలోకి వెళ్లి, "అన్నయ్య ఏడుస్తున్నాడే, నిన్ను కొట్టినందుకు వాడికే బాధగా ఉందట," అనేవాడు. మళ్లీ ఇవతలికి వచ్చి, "చెల్లి నీకోసం బిస్కెట్టు దాచిందిరా," అని తన జేబులోది తీసి ఇచ్చేవాడు.

భార్యకు ఇది గిట్టేది కాదు. ఆవిడది కత్తెరలాంటి నోరు. "కొట్టుకోనివ్వండి. జుట్లు పీక్కుంటారు, ఏడుస్తారు, ఆకలేస్తే వాళ్లే కలిసి అన్నానికొస్తారు. మధ్యలో మీ మైకేమిటి?" అని కసిరేది. ఈయన నవ్వి ఊరుకునేవాడు.

పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కొడుకు ఎనిమిది గంటల ప్రయాణం దూరంలో ఒక రేవులో క్రేను నడిపేవాడయ్యాడు. కూతురు ఇక్కడే, మూడు వీధుల అవతల కాపురం, ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. తల్లి నోరు పుణికిపుచ్చుకుంది. కొడుకుది ఎవరితోనూ కలవని తరహా. ఇద్దరికీ ఎన్నడూ పడలేదు. ఒకరికి పడదన్న సంగతి రెండోవారికి తెలియనివ్వలేదు మైకుగారు. కొడుకు ఆదివారం ఫోను చేసి, చెల్లెలి ఊసొస్తే, "దాని నోటికి దణ్ణం నాన్నా, దాని గురించి నాకు చెప్పకు," అంటాడు. అదే మాట బుధవారం కూతురి చెవిన పడేసరికి, "నీకు పని ఎక్కువైందేమోనని అన్నయ్యకి ఒకటే బెంగ," అయ్యేది. కూతురు విసుక్కుని, "వాడో మనిషీ, వాడికో కుటుంబమూనా, గుహలో ఉండాల్సినవాడు," అంటే, "చెల్లికి నీ భుజం నొప్పి గురించే ఆలోచనరా," అని ఆదివారం చేరేది. పుట్టినరోజుకి కూతురికి ఒక శాలువా వస్తుంది, అన్నయ్య డ్రైవరు చేతికిచ్చి పంపాడని. కొడుకు ఇంట్లో పాపకి బొమ్మల పుస్తకాలు వెళతాయి, మేనత్త కొని పార్సిల్లో వేసిందని. బస్టాండు మనిషికి పార్సిళ్లకేం కొదవ?

"నేనే ఫోను చేస్తాలే వాడికి," అని కూతురు ఎప్పుడైనా అంటే, "వద్దమ్మా, వాడు పైన క్రేనులో ఉంటాడు, ఫోనులో వాడికి మాట్లాడ్డం చేతకాదు, నేను చెబుతాగా," అనేవాడు. అలా ఒక్కొక్కరికీ ఆయన ఒక తోబుట్టువును తయారుచేసి పెట్టాడు. మాటలు తక్కువగాని మనసున్న అన్న ఒకడు, నోరు పెద్దదిగాని ప్రాణం పెట్టే చెల్లెలు ఒకతె. ఇద్దరూ ఆయన నోట్లోనే ఉండేవారు.

పదకొండేళ్ల కిందట భార్య జబ్బుపడింది. మామూలు జ్వరమనుకున్నది ఊపిరితిత్తులకు పాకింది. మూడు వారాలు ఆసుపత్రిలో. కూతురు పగలూ రాత్రీ అక్కడే. "నాన్నా, రిపోర్టులు నేను చూస్తున్నాగా, అమ్మ దక్కదు. అన్నయ్యని వెంటనే రమ్మను. ఇవాళో రేపో అని చెప్పు," అని రోజూ పోరేది. ఈయన వరండాలోకి వెళ్లి ఫోను చేసేవాడు. "కాస్త నలతగా ఉందిరా. తగ్గుముఖం పడుతోంది. ఓడలొచ్చాయన్నావుగా, పని చూసుకునే రా," అనేవాడు. ఎనిమిది గంటలు బస్సులో వాడు కుమిలిపోతూ రావడం ఆయన ఊహించుకోలేకపోయాడు. చివరికి డాక్టరే ఫోను లాక్కుని చెబితే కొడుకు ఉన్నపళంగా బయలుదేరాడు.

ఆ మధ్యాహ్నం కూతురు మందుల కోసం కిందికి వెళ్లింది. మంచం దగ్గర ఈయనొక్కడే. వంగి భార్య చెవిలో, "వాడు బయలుదేరాడు, బస్సెక్కాడు," అన్నాడు. ఆవిడ కళ్లు తెరిచింది. పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది. నవ్వే అది. "బయలుదేరాడుగా. వచ్చినట్టే," అంది. కాస్త ఊపిరి తీసుకుని, "వాణ్ణి ఎవరూ ఏమీ అనొద్దు," అంది. ముప్పై ఏళ్లు మొగుడి మైకు మాటలు విని విని, పోయేముందు వాటితోనే అతన్ని ఆటపట్టించింది. కూతురు మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ లేదు.

కొడుకు నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చి, గోడకి తల ఆనించుకుని నిలబడిపోయాడు. మైకుగారు వాడి భుజం పట్టుకుని ఆ మాటలు చెప్పాడు. అన్నేళ్లలోనూ ఆయన కొడుక్కి ఉన్నదున్నట్టుగా, ఒక్క అక్షరం కలపకుండా అందించిన కబురు అదొక్కటే. కూతురు తండ్రితో వరండాలో ఏమందో మాత్రం కొడుకుదాకా పోనివ్వలేదు. "ఇప్పుడెందుకొచ్చాడు? వెళ్లిపొమ్మను," అందామె. "నిన్ను చూస్తే ఏడుపాగదని చెల్లి అటుపక్క కూర్చుందిరా," అని చెప్పాడు.

ఇదంతా ఇలాగే నడిచిపోయేదే. ఉద్యోగం అయిపోయింది, జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అలాగే ఉంది. ఒక ఏడాది ఆ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాడు. మిరియాలు నమిలాడు, ఉప్పునీళ్లు పుక్కిలించాడు. చివరికి కూతురే రెక్క పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపి, వారం తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. గొంతులో మాట పుట్టే భాగం మొత్తం తీసేయాలి. మెడకి చిన్న కన్నం పెడతారు, దాంతోనే ఊపిరి. మాట ఉండదు, మనిషి ఉంటాడు.

"మనిషి ఎవరిక్కావాలండీ, నా దగ్గరికొచ్చి అందరూ మాటే అడుగుతారు," అని నవ్వబోయాడు మైకుగారు. నవ్వు దగ్గుగా మారింది. ఆపరేషనుకి తొమ్మిది రోజులు.

చావంటే ఆయనకు అంత భయం వేయలేదు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక వేరే భయం పట్టుకుంది. ఆదివారం కొడుకు ఫోను చేస్తే ఎవరు మాట్లాడతారు? బుధవారం కూతురు వస్తే ఎవరు చెబుతారు? తన గొంతు తీసి పళ్లెంలో వేసిన రోజునే వాడికి చెల్లెలు, దానికి అన్న కూడా పోతారు. రాసి పోతానన్న ఆస్తి ఎక్కడా లేదని అప్పుడు తెలిసింది ఆయనకు. ఈ తొమ్మిది రోజుల్లో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తను పక్కనుండి, నేరుగా ఒకరికొకరిని అప్పజెప్పేయాలి. ఒక్కసారి మాటలు కలిస్తే వాళ్లే చూసుకుంటారు.

"అన్నయ్య నీతో మాట్లాడాలంటున్నాడమ్మా," అని కూతురికి చెప్పాడు. "చెల్లి నిన్ను చూడాలంటోందిరా," అని కొడుక్కి చెప్పాడు. ఆఖరికి అది కూడా ఆయన కల్పించిందే.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. ముందు గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, "టీ పెడతాను, మాట్లాడుకుంటూ ఉండండి," అని మైకుగారు వంటగదిలోకి తప్పుకున్నాడు. తలుపు సందులోంచి చెవి ఇటే పెట్టాడు.

కాసేపు ఎండ గురించి, బస్సు కుదుపుల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత కూతురు గొంతు మెత్తబడింది. "చూశావా అన్నయ్యా, నువ్వు పంపిన శాలువా. పదేళ్లయినా రంగు పోలేదు," అంది.

"నేను పంపానా?"

"డ్రైవరు చేతికిచ్చి పంపలేదూ? నా పుట్టినరోజుకి."

కొడుకు మొహమాటపడ్డాడు. "ఏమోలే, గుర్తులేదు. నువ్వు మాత్రం తక్కువా? పాపకి ప్రతి ఏడూ బొమ్మల పుస్తకాలు పంపుతావు. అది అత్త పుస్తకాలని ఎవర్నీ ముట్టుకోనివ్వదు."

"నేనేం పుస్తకాలు పంపాను?"

వంటగదిలో టీ పొంగి పొయ్యి మీద పడింది. మైకుగారు గుడ్డ కోసం వెతుకుతూ అక్కడే తచ్చాడాడు. వెళ్లి మధ్యలో కూర్చుంటే ఇప్పుడే సర్దేయొచ్చు. కాళ్లు కదల్లేదు.

"భుజం నొప్పికి మాత్రలు?" అంటున్నాడు కొడుకు.

"నీకు భుజం నొప్పా?" అంది కూతురు. అని ఫక్కున నవ్వింది. కొడుకూ నవ్వాడు. ఇద్దరూ వరసపెట్టి ఏకరువు పెట్టుకోవడం మొదలుపెట్టారు. టోపీ, పెన్నుల పెట్టె, దీర్ఘాయుష్షు కోరుతూ చెప్పిన కబుర్లు, బెంగలు, పలకరింపులు. ఒక్కొక్కదానికీ నవ్వు. మైకుగారికి ప్రాణం లేచొచ్చింది. నవ్వుకుంటున్నారు కదా, నాన్న చేసిన తుంటరి పని కింద కొట్టిపారేస్తారనుకున్నాడు. కప్పులు పళ్లెంలో పెట్టుకుని బయలుదేరాడు.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"అంటే, ఇన్నేళ్లలో నువ్వు నా గురించి ఒక్కసారి కూడా అడగలేదన్నమాట," అంది కూతురు.

"నువ్వు అడిగావా?"

"నేనెందుకు అడుగుతాను? అమ్మ మూడు వారాలు మంచంలో ఉంటే రానివాణ్ణి."

"నాకు నలత అన్నారు," అన్నాడు కొడుకు. "తగ్గుముఖం పడుతోందన్నారు."

"ఎవరన్నారు? ఇవాళో రేపో అని నేను రోజూ చెప్పించాను."

ఇద్దరూ ఒక్కసారే తల తిప్పి గుమ్మం వైపు చూశారు. మైకుగారు పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కప్పులు చప్పుడు చేస్తున్నాయి. కూతురు లేచి పళ్లెం అందుకుని బల్ల మీద పెట్టింది, కోపంలో కూడా.

"నువ్వు కంగారుపడతావని," అన్నాడు కొడుకుతో. గొంతు గరగరలాడింది. "ఎనిమిది గంటల బస్సు ప్రయాణం. ఎలా వస్తావో అని."

కొడుకు అరవలేదు. అరిచినా బాగుండేది. "పదకొండేళ్లు నేను రాలేదని ఇది నన్ను తిట్టుకుంది. రానివ్వంది నువ్వు. ఒక్కరోజైనా చెప్పావా దీనికి?" అన్నాడు. మైకుగారు బల్ల మీది కప్పులు సర్దబోయాడు. కొడుకు నెమ్మదిగా అడిగాడు. "అమ్మ మాట? బయలుదేరాడుగా, వచ్చినట్టే, అన్నది? అది?"

"అది నిజం," అన్నాడు మైకుగారు. "ఒట్టు. మీ అమ్మే అంది. ఒక్క ముక్క కలపలేదు నేను."

"అమ్మ అలా మాట్లాడే మనిషేనా అన్నయ్యా?" అంది కూతురు. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, అలసట ఉంది. "బయలుదేరితే వచ్చినట్టే అన్నది బస్టాండు మాట. నాన్న మాట. అమ్మయితే, 'ఇప్పుడా వచ్చేది?' అని ఉండేది."

"అదేనమ్మా, నన్ను ఆటపట్టించడానికే అంది. నవ్వింది కూడా. ఇలా, పెదవి ఒక పక్కకి..." చూపించబోయాడు. ఆ ముసలి మొహం మీద ఆ నవ్వు కుదర్లేదు.

"క్రేనులో నా కళ్లెదుట అద్దం మీద రాసుకున్నాను నాన్నా ఆ మాట," అన్నాడు కొడుకు. "గాలి ఎక్కువైతే ఆ గది ఊగుతుంది. అప్పుడు చదువుకుంటాను." టీ తాగకుండానే సంచి తీసుకుని వెళ్లిపోయాడు. చెల్లెలికి చెప్పలేదు, ఆమె పిలవలేదు. ఒకరి మీద ఒకరికి కోపం లేదు. అసలు ఒకరికొకరు ఎవరో తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. అన్నదమ్ములు పోట్లాడుకుని విడిపోతే కనీసం పోట్లాటైనా మిగులుతుంది. వీళ్లకి అదీ లేకుండా చేశాడు తండ్రి.

మిగిలిన రోజులన్నీ మైకుగారు ఆ ఒక్క మాటకి సాక్ష్యం కోసం తిరిగాడు. మిగతావన్నీ అబద్ధాలే, ఒప్పుకుంటాడు, కాళ్లయినా పట్టుకుంటాడు. ఆ మాటొక్కటి వాడి దగ్గర నిలవాలి. అది ఈయనిచ్చింది కాదు, వాళ్లమ్మ ఇచ్చింది. పాత ఆసుపత్రికి వెళ్లాడు. భార్య మంచం ఉన్న వార్డు ఇప్పుడు ఎక్స్‌రే గదులయింది. అప్పటి నర్సు ఉద్యోగం మానేసి ఎటో వెళ్లిపోయిందట. వరండా తుడిచే ఆయా ఒకామె అప్పుడూ ఉందని తెలిసి ఆమెను పట్టుకున్నాడు. "పదకొండేళ్ల నాటి మాట ఎవరికి గుర్తుంటుంది తాతగారూ? రోజుకి ఎంతమందిని చూస్తాం," అని జాలిగా అంది. "కావాలంటే విన్నానని చెప్పమంటారా?" అని కూడా అడిగింది పాపం. మైకుగారు ఆ మాటకి బెదిరిపోయి వచ్చేశాడు.

కొడుక్కి ఫోను చేశాడు. ఉన్న గొంతంతా కూడదీసుకున్నాడు. మాట సగం గాలిగా పోతోంది. "ఒరేయ్, అమ్మ నిజంగానే..." అనేలోపు, "సరే నాన్నా. గొంతుకి శ్రమ ఇవ్వకు," అన్నాడు కొడుకు. తెల్లవారితే ఆపరేషన్. అదే ఆయన ఈ లోకంలో నోటితో మాట్లాడిన ఆఖరి వాక్యం. అదీ పూర్తి కాలేదు.

ఆపరేషనయ్యాక అయిదో రోజున ఆయన్ని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టారు. మెడలో గొట్టం, దాంట్లోంచి ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. మంచం పక్కన ఒక నోటుపుస్తకం, దారం కట్టిన పెన్ను. పొద్దున్నే కూతురు వచ్చింది. గొట్టం చుట్టూ గుడ్డ మార్చింది, గడ్డం గీసింది, దుప్పటి సరిచేసింది. ఆయన పుస్తకం తీసి, "అన్నయ్యతో మాట్లాడావా?" అని రాశాడు.

"లేదు నాన్నా. మాట్లాడను కూడా," అంది ఆమె. "నిన్న వాడే చేశాడు. ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పను? నాకు తెలిసిన అన్నయ్య నువ్వు చెప్పినవాడు. వాడంటే నాకు ఇష్టంగానే ఉండేది. వాడు లేడుగా. వీడెవడో నాకు తెలీదు." ఆయన కళ్లలో నీళ్లు చూసి పక్కకి తిరిగింది. "నీకు అబద్ధం చెప్పలేను. ఇంట్లో చెప్పినవి చాలు," అంది. సాయంత్రం రానని, రేపు పొద్దున వస్తానని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక మైకుగారు చాలాసేపు కూర్చుని ఒక కాగితం రాశాడు. ఆ మధ్యాహ్నం ఎన్ని గంటలయింది, మంచం కిటికీకి ఏ పక్కన ఉంది, ఆవిడ ఏ కన్ను ముందు తెరిచింది, ఎక్కడ ఊపిరి కోసం ఆగింది, అన్నీ రాశాడు. అడుగున, "జీవితంలో నేను మార్చకుండా మోసిన మాట ఇదొక్కటే. నమ్మరా," అని రాశాడు.

నాలుగు గంటలకి కొడుకు వచ్చాడు. ప్రయాణం బడలికతో మొహం పీక్కుపోయింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తండ్రి ఇచ్చిన కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తండ్రి మెడలోని గొట్టాన్ని చూశాడు, దిండు మీద పడి ఉన్న ఆ ఎండిపోయిన మొహాన్ని చూశాడు. చూసి, చిన్నగా నవ్వాడు.

"నమ్మాను నాన్నా. అమ్మే అంది, నాకు తెలుసు. నువ్వు దాని గురించి మనసు పాడుచేసుకోకు," అన్నాడు.

మైకుగారు వాడి కళ్లలోకి చూశాడు. ఒక్క క్షణం ఆశపడ్డాడు కూడా. కొడుకు ఇంకా చెబుతూనే ఉన్నాడు. "చెల్లితో నిన్న గంటసేపు మాట్లాడాను. ఇద్దరం కాస్త ఏడ్చుకున్నాం, అదే మంచిదయింది. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి వస్తాం. నువ్వు ఇంటికొచ్చాక నెలకోసారి అందరం కలుద్దామని అది అంటోంది. నువ్వు నిశ్చింతగా ఉండు నాన్నా."

ఎంత మెత్తగా చెప్పాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఎవరో నేర్పినట్టే చెప్పాడు. ఎవరు నేర్పారో మైకుగారికి తెలుసు. తాను పోయాక పిల్లల దగ్గర మిగిలేదేమిటో ఆయనకిప్పుడు కళ్లారా కనిపించింది. రేపు వాడి కూతురికి కూడా వీడు ఇలాగే చెబుతాడు. ఆ పిల్ల కూడా నేర్చుకుంటుంది. వద్దురా, నన్ను తిట్టు, నమ్మడం లేదని చెప్పు, ఈ పని మాత్రం నువ్వు మొదలుపెట్టకు, అని ఆయన ప్రాణమంతా అరిచింది. గొట్టంలోంచి ఊపిరి బుస్సుమంది, అంతే.

కొడుకు కంగారుపడి పుస్తకం, పెన్ను ఆయన చేతికందించాడు. "ఏంటి నాన్నా? రాయి," అన్నాడు.

మైకుగారు పెన్ను పట్టుకుని వాడి మొహం చూశాడు. ఎనిమిది గంటలు బస్సులో కూర్చుని, దారి పొడుగునా తండ్రికేం చెప్పాలో కూర్చుకుంటూ వచ్చిన మొహం అది. నిజం రాస్తే ఆ మొహం ఎలా అయిపోతుందో ఆయనకు తెలుసు.

"చాలా సంతోషం," అని రాశాడు.

ఆ రోజు తండ్రి రాసిచ్చినవాటిలో ఆ ఒక్కదాన్నే కొడుకు నిజంగా నమ్మాడు. తృప్తిగా దుప్పటి పైకి లాగి కప్పి, బస్సుకి వేళయిందని వెళ్లిపోయాడు.